నోరు తెరిచిన సున్నా

పోయిన మాఘమాసంలో మా చెల్లెలి కూతురి పెళ్ళికని రాజమండ్రి వెళ్ళాను. మా వారికి ఆ వారమంతా రాత్రి డ్యూటీ. హైదరాబాదులో ఇంట్లో అత్తయ్యగారు, ఆవిడకి తోడుగా పడుకునే అమ్మాయి, ఇద్దరే. అత్తయ్యగారికి ఆయాసం ఉంది, చలి రోజుల్లో ఎక్కువవుతుంది. అందుకని నెబ్యులైజర్ మంచం పక్కన స్టూలు మీద పెట్టి, మందు ఎంత పొయ్యాలో, మాస్కు ఎలా పెట్టాలో ఆ అమ్మాయికి రెండుసార్లు చూపించి మరీ బయల్దేరాను. స్విచ్ సంగతి మాత్రం చెప్పలేదు. స్విచ్ వెయ్యడం కూడా ఒకళ్ళు నేర్పాలా అనుకున్నాను.

రాత్రి ఒంటిగంటన్నరకి ఫోను. "అక్కా, మిషను ఆడట్లేదు. అమ్మమ్మగారికి ఊపిరి అందట్లేదు."

"గోడ స్విచ్ వేశావా?"

"వేశానక్కా."

"మిషను మీద ఇంకో చిన్న స్విచ్ ఉంటుంది చూడు, అదీ?"

"అదీ వేశాను. గుండ్రం వైపు నొక్కాను."

నాకు ఒక్క క్షణం ఏమీ తోచలేదు. నిజం చెప్పొద్దూ, గీత వైపు ఆనా, గుండ్రం వైపు ఆనా అని ఎవరైనా అడిగితే ఆ వేళ నేనూ తడుముకునేదాన్నే. రోజూ నొక్కేవాటిని చెయ్యి అలవాటు మీద నొక్కేస్తుంది, కన్ను చూడదు. "రెండోవైపు నొక్కి చూడవే" అన్నాను. ఫోనులో బుర్రుమని చప్పుడు వినపడింది. పెళ్ళివారింటి మేడ మీద, వంటవాళ్ళ గాడిపొయ్యి వెలుగులో, మెట్ల మీద అలా కూలబడిపోయాను. మాస్కులోంచి అత్తయ్యగారు "నువ్వు పడుకో అమ్మాయ్" అనేదాకా ఫోను పెట్టలేదు.

తిరిగొచ్చాక ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను, కోప్పడటానికి కాదు, తెలుసుకుందామని. ముందు గీత వైపే నొక్కిందట. అప్పటికి గోడ స్విచ్ వెయ్యలేదు, కాబట్టి ఆడలేదు. అప్పుడు పరీక్షగా చూస్తే ఒకవైపు నిలువు గీత, ఒకవైపు 'ఓ'. ఆన్ అనే ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరం ఓ కదా అని అటు నొక్కి, ఆ తర్వాత గోడ స్విచ్ వేసింది. ఏడో తరగతి చదివిన పిల్ల. తనకొచ్చిన చదువుతో తను సరిగ్గానే ఆలోచించింది. "ఆఫ్‌లో కూడా మొదటి అక్షరం ఓనే కదే" అన్నాను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని నవ్వుకున్నాం. కానీ నాకు ఆ రాత్రి సగంలోనే గుర్తుంది, నవ్వు కూడా సగమే వచ్చింది.

అసలు ఈ గీతా గుండ్రం ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అప్పుడు మొదలుపెట్టాను వెతకడం. మా అబ్బాయి కొంత సాయం చేశాడు. తెలిసినవి మీతో చెప్పుకుంటాను.

ఇంగ్లీషు అక్షరం రాని వాళ్ళ కోసమే పెట్టారట! ఇది విన్నప్పుడు నాకు ఆ అమ్మాయి మొహం కళ్ళ ముందు మెదిలింది.

1906లో లండన్‌లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ అని ఒక సంస్థ పెట్టారు. మొదటి అధ్యక్షుడు లార్డ్ కెల్విన్. కరెంటుకి సంబంధించిన కొలతలు, పేర్లు, పద్ధతులు దేశానికొకటి కాకుండా అందరికీ ఒక్కటిగా ఉండాలన్నది వాళ్ళ పని. 1948 నుంచి దాని కార్యాలయం జెనీవాలో ఉంది. యూరప్ సంగతి మనకి తెలిసిందే, రైల్లో రెండు గంటలు కూర్చుంటే భాష మారిపోతుంది. జర్మనీలో తయారైన యంత్రం మీద 'ఐన్, ఆస్' అని ఉంటే ఫ్రాన్సు వాళ్ళకి అర్థం కాదు. ఫ్రాన్సు వాళ్ళ 'మార్ష్, అరే' ఇంగ్లండులో పనికిరాదు. ఒక్కో దేశానికి ఒక్కో రకం అచ్చు వేయించుకోవడం కంటే ఏ భాషా కాని బొమ్మ పెడితే పోతుంది కదా. అలా పరికరాల మీద వాడే గుర్తులన్నిటినీ ఒకచోట చేర్చి 1973లో 417 నంబరుతో ఒక ప్రమాణంగా అచ్చు వేశారు. ఇప్పుడు దాని నంబరు 60417. అందులో ఇళ్ళకి డోరు నంబర్లున్నట్టు ఒక్కో బొమ్మకి ఒక్కో నంబరు. నిలువు గీత 5007, అంటే ఆన్. గుండ్రం 5008, అంటే ఆఫ్.

గీత ఒకటి, గుండ్రం సున్నా అని అందరూ చెప్పేమాట. కంప్యూటర్లు ఒకటీ సున్నాలతో లెక్కలు చేస్తాయి కదా, ఉంటే ఒకటి, లేకపోతే సున్నా, అదే ఇదీ అంటారు. మా అబ్బాయీ అదే చెప్పాడు, అదేదో పుట్టినప్పుడే తెలిసినట్టు. రెండే అంకెలతో లెక్కలు రాసే పద్ధతిని లైబ్నిట్జ్ అనే జర్మన్ పండితుడు 1703లో అచ్చులో పెట్టాడు. సున్నా మాత్రం మనదే. ఒక అంకెలోంచి అదే అంకె తీసేస్తే వచ్చేది సున్నా అని, దానితో కూడికలు తీసివేతలు ఎలా చెయ్యాలో సూత్రాలు రాసిపెట్టినవాడు బ్రహ్మగుప్తుడు, 628లో. గ్వాలియర్ కోటలో చతుర్భుజ ఆలయం గోడ మీద 876 నాటి శాసనం ఉంది. గుడికి పూలతోట కోసం 270 మూరల పొడుగు నేల ఇచ్చినట్టు, ఆ తోట నుంచి రోజుకి 50 పూలదండలు రావాలన్నట్టు అందులో చెక్కారు. ఆ 270లో, ఆ 50లో సున్నా చిన్న గుండ్రంగా మనం ఇప్పుడు రాసేటట్టే ఉంటుంది. పూలమాలల లెక్కలోంచి వచ్చిన గుండ్రం అత్తయ్యగారి మిషను మీద కూర్చుందన్నమాట. నాకైతే చాలా ముచ్చటేసింది.

అయితే ఒకటి అంటే ఆన్, సున్నా అంటే ఆఫ్ అనేది ఎవరికైనా ఇట్టే తోచే సంగతేం కాదు. స్విచ్చుల్ని ఒకటీ సున్నాలతో లెక్క కట్టొచ్చని చూపించిన మహానుభావుడు క్లాడ్ షానన్. 1937లో, అమెరికాలో ఎమ్మైటీలో చదువుకుంటూ రాసిన సిద్ధాంత వ్యాసంలో. ఇవాళ్టి కంప్యూటర్లకి పునాదుల్లో ఒకటి ఆ వ్యాసమే. అందులో ఆయన ఏం చేశాడో తెలుసా? కరెంటు పారే దారికి సున్నా పెట్టాడు, కరెంటు ఆగిపోయిన దారికి ఒకటి పెట్టాడు! సరిగ్గా ఇప్పటికి తిరగేసి. ఆయన లెక్క ప్రకారం ఆ అంకె కరెంటుకి ఎంత అడ్డు ఉందో చెబుతుంది. అడ్డేమీ లేకపోతే సున్నా, పారుతుంది. అడ్డుంటే ఒకటి, ఆగుతుంది. అంటే మా ఇంటి అమ్మాయి షానన్ గారి పద్ధతిలో నొక్కిందన్నమాట. ఈ మాట చెబితే అత్తయ్యగారు "అయితే ఆయన ఆయాసం మిషను కొనుక్కోలేదు కాబోలు" అన్నారు.

ఇంకో తికమక కూడా ఉంది. కరెంటు ఒకచోట బయల్దేరి చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే రావాలి, ఆ చుట్టు పూర్తయితేనే దీపం వెలుగుతుంది అని బళ్ళో చెబుతారు. ఆ పాఠం బాగా గుర్తున్నవాళ్ళకి గుండ్రం చూస్తే చుట్టు పూర్తయింది, కాబట్టి ఆన్ అనిపిస్తుంది. గీత చూస్తే తెగిపోయిన తీగలా అనిపిస్తుంది. అంటే చదువు లేనివాళ్ళే కాదు, ఉన్నవాళ్ళూ పొరబడొచ్చు.

మన మిక్సీ చూడండి. సున్నా, ఒకటి, రెండు, మూడు అని ఉంటుంది. అక్కడ సున్నా అంటే ఆగిపోవడం అని ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంటి అమ్మాయి మిక్సీ ఎప్పుడూ తప్పు తిప్పలేదు. అక్కడ పక్కన ఒకటీ రెండూ మూడూ ఉన్నాయి కాబట్టి అది సున్నా. నెబ్యులైజర్ మీద పక్కన ఒట్టి గీతే ఉంది, అది ఒకటిలా లేదు, కాబట్టి గుండ్రం అక్షరమైపోయింది. భాష అక్కర్లేకుండా చెయ్యడానికి పెట్టిన బొమ్మని కూడా ఎవరో ఒకరు ఒకసారి చెప్పాల్సిందే. చెప్పాల్సిన ఆ ఒకరు నేను, చెప్పలేదు. ఆ రాత్రి తప్పు ఎవరిది అని మా వారు అడిగినప్పుడు నా సమాధానం అదే.

ఇక అసలు బొమ్మకి వస్తాను. టీవీ, కంప్యూటరు, ఇండక్షన్ స్టవ్, మా కొత్త వాషింగ్ మెషిన్, అన్నిటి మీదా ఉండేది. గుండ్రానికి పైన కొంచెం తెగి, ఆ సందులో నిలువు గీత. గీతనీ గుండ్రాన్నీ కలిపి చేసింది. ముగ్గులో గీత కలపకుండా వదిలేస్తే మా అమ్మ ఊరుకునేది కాదు, తుడిచి మళ్ళీ పెట్టించేది. అందుకే నాకు ఈ బొమ్మ చూసినప్పుడల్లా ఎవరో హడావిడిలో వదిలేసినట్టు అనిపించేది. వదిలేసింది కాదు. కావాలనే అలా పెట్టారు. దాని నంబరు 5009. అర్థం ఆన్ కాదు, ఆఫ్ కూడా కాదు. 'సిద్ధంగా ఉంది' అని. ఇంగ్లీషులో స్టాండ్‌బై అంటారు. సున్నా మూతపడలేదు, అంటే పూర్తిగా ఆగలేదు, లోపల ఎక్కడో కరెంటు ఉంది. గుండ్రం ఎక్కడా తెగకుండా, గీత దాని కడుపులో ఉంటే అది వేరే బొమ్మ, 5010. ఒకసారి నొక్కితే ఆన్, మళ్ళీ నొక్కితే నిజంగా ఆఫ్. ఈ రెండిటికీ తేడా చిటికెన వేలి గోరంత సందు.

ఇది ఊరికే పుస్తకాల తేడా కాదని మాకు చాలా ఏళ్ళ కింద తెలిసింది, తెలిసినా పేరు తెలియలేదు. మా అబ్బాయి ఆరో క్లాసులో ఉండగా మా వారు ఒక ఆదివారం కంప్యూటరు డబ్బా విప్పి దుమ్ము దులపడానికి కూర్చున్నారు. స్క్రూ డ్రైవరు లోపల పెట్టబోతుంటే పక్కన కూర్చున్న పిల్లాడు అడిగాడు.

"నాన్నా, కట్టేశావా?"

"కట్టేశాను రా, బటన్ నొక్కాను కదా."

"మరి లోపల పచ్చ లైటు వెలుగుతోందేం?"

మా వారి చెయ్యి అక్కడే ఆగిపోయింది. చూస్తే ప్లగ్గు గోడకే ఉంది, స్విచ్ వేసే ఉంది. పాత కంప్యూటర్లకి బటన్ నొక్కితే కరెంటు నిజంగానే తెగేది. అందుకే వాటిల్లో అన్నీ ముగిశాక, 'ఇప్పుడు ఆపుకోవచ్చు' అని తెర మీద ఒక మాట వచ్చేది, మనం వెళ్ళి బటన్ నొక్కాలి. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అని కొత్త ఏర్పాటు తెచ్చింది. అప్పటినుంచి బటన్ కరెంటుని తెంచదు. 'ఇక పడుకో' అని లోపలికి కబురు మాత్రం పంపుతుంది. మళ్ళీ నొక్కితే ఆ కబురు వినాలి కాబట్టి ఒక చిన్న పాయ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. ఆ పచ్చ లైటు దానిదే.

టీవీలది ఇంకా పాత కథ. వెనకటి వాల్వుల టీవీలు వేడెక్కి బొమ్మ రావడానికి కాసేపు పట్టేది. ఆ కాసేపు కూడా ఆగలేక అమెరికాలో కొన్ని టీవీలకి ఆపేసినా వాల్వులు కాస్త వెచ్చగా ఉండే ఏర్పాటు చేశారు. తర్వాత రిమోట్లు వచ్చాయి. రిమోట్ నొక్కితే టీవీ లేవాలంటే అది చెవులు రిక్కించుకుని ఉండాలి, పూర్తిగా నిద్రపోతే ఎలా వింటుంది? పక్కగదిలో చంటిపిల్ల కదిలితే చాలు తల్లికి మెలకువ వచ్చేస్తుంది చూడండి, అలాంటి నిద్ర.

ఆ నిద్రకి బిల్లు కూడా ఉంది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేసే అలెన్ మేయర్ లాంటివాళ్ళు ఈ దొంగ కరెంటు వెంటపడ్డారు. ఆపేసిన వస్తువు ఒక్క వాటు కంటే ఎక్కువ తినకూడదని 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ పిలుపునిచ్చింది. యూరప్‌లో 2010 నుంచి చాలా రకాల ఇంటి సామానుకి దాన్ని చట్టం చేసి, 2013 నుంచి అర వాటుకి తగ్గించారు. మన లెక్కలో చెప్పాలంటే, ఒక్క వాటు ఏడాదంతా పారితే ఎనిమిదిముప్పావు యూనిట్లు. ఆపేశాం అనుకున్న పాత సెట్‌టాప్ బాక్సు ఒకటి పది వాట్లు తింటోందనుకోండి, ఏడాదికి 87 యూనిట్లు దాటుతుంది. టీవీ రిమోట్‌తో కట్టేసి దుప్పటి కప్పుకునే మా వారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు, అంతే.

తమాషా ఏమిటంటే, ఈ బొమ్మ అర్థం మారిపోవడానికి కారణం కూడా కరెంటు ఆదా చెయ్యాలనుకున్నవాళ్ళే. అదే ప్రయోగశాలలో బ్రూస్ నోర్డ్‌మన్ అనే ఆయన, ఆఫీసు కంప్యూటర్లలో, యంత్రాల్లో బటన్ల గుర్తులు ఒక్కోచోట ఒక్కోలా ఉండి జనం తికమకపడుతున్నారని, నిద్రపుచ్చే సదుపాయం ఉన్నా వాడుకోవట్లేదని పరిశోధించాడు. గీత, గుండ్రం, తెగిన గుండ్రం, నిండు గుండ్రం అని ఇన్ని రకాలు జనం గుర్తుపెట్టుకోరు. అందుకని అప్పటికే అందరి కళ్ళకీ అలవాటైన తెగిన గుండ్రాన్నే 'పవర్' అనే అర్థంలో వాడదాం, నిద్రకి నెలవంక పెడదాం అన్నారు. వెలిగితే పచ్చ, నిద్రకి కాషాయం లాంటి పసుపు, ఆపేస్తే ఏ లైటూ వద్దు. 2004లో ఐట్రిపుల్ఈ అనే ఇంజనీర్ల సంఘం దీన్ని 1621 నంబరు ప్రమాణంగా ఒప్పుకుంది. నిద్రకి చందమామ అన్నది నాకు భలే నచ్చింది. ఆ బొమ్మ ఏ దేశపు తల్లికీ చెప్పక్కర్లేదు.

కానీ తెగిన గుండ్రం విషయంలో నా మనసు ఇంకా ఒప్పుకోవట్లేదు. వాడుక సులువైంది, నిజమే. 2016లో ఈ గుర్తులు యూనికోడ్‌లో కూడా చేరాయి, ఫోన్లో అక్షరాల్లాగే రాసుకోవచ్చు. చొక్కాల మీద అచ్చేస్తున్నారు, పచ్చబొట్లు పొడిపించుకుంటున్నారు. అయితే 'జాగ్రత్త, ఇది పూర్తిగా ఆగలేదు' అని మొదట్లో చెప్పిన ఆ చిన్న సందు ఇప్పుడు ఒట్టి అలంకారమైపోయింది. తడిగుడ్డతో ఇండక్షన్ స్టవ్ తుడిచేది మనం. టీవీ వెనక బూజు దులిపేది మనం. మనకి ఆ సందు కావాలి. నేనైతే ఇప్పుడు తెగిన గుండ్రం కనపడితే ప్లగ్గు పీకి గానీ ముట్టుకోను. నిండు గుండ్రం ఉన్నా సరే, లోపల విప్పాల్సి వస్తే ప్లగ్గు పీకాకే. స్విచ్ దాకా వచ్చే తీగలో కరెంటు ఉంటుంది కదా.

ఒక సంగతి ఆలోచిస్తే మన భాషకి ఈ తెగిన గుండ్రం కొత్తేం కాదు. దేవుడి దగ్గర దీపం ఆరిపోయింది అనం, కొండెక్కింది అంటాం. బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. వెళ్తున్నాను అని గడప దాటితే అత్తయ్యగారు వెనక్కి పిలిచి వెళ్ళొస్తాను అనిపిస్తారు. ఆఫ్ అనే మాట మన నోటికి అంత తేలిగ్గా రాదు, కొంచెం సందు వదులుతాం. లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రం ఆ మర్యాద లేదు. మా గుంటూరు వైపు కట్టెయ్ అంటాం, ఇక్కడ మా పక్కింటివాళ్ళు బంద్ చెయ్ అంటారు.

నెబ్యులైజర్ స్విచ్‌కి గీత ఉన్న వైపు ఎర్ర బొట్టుబిళ్ళ ఒకటి అంటించాను. చెమటకీ వేళ్ళకీ పది రోజుల్లో ఊడిపోతే మళ్ళీ అంటిస్తున్నాను. ఆ అమ్మాయికి లైట్లన్నీ ఆపేయించి, చీకట్లో తడిమి నొక్కించి చూశాను, రెండుసార్లు సరిగ్గా నొక్కింది. మూడోసారి "చాల్లే అక్కా" అంది.

నిన్న రాత్రి మా వారు యథాప్రకారం రిమోట్ నొక్కి లోపలికి వెళ్ళిపోయారు. టీవీ కింద ఎర్ర లైటు వెలుగుతోంది. మంచం మీంచి అత్తయ్యగారు అడిగారు, "అమ్మాయ్, అది కొండెక్కిందా, కునుకు తీస్తోందా?"

"కునుకేనండీ" అని లేచి వెళ్ళి గోడ స్విచ్ కట్టేశాను.